ఇల్లు లేని మాజీ సైనికులు: అమెరికా ప్రభుత్వ పథకాలు

అమెరికాలో ఇల్లు లేని మాజీ సైనికుల సంఖ్య 2010లో 74,087. 2024 నాటికి అది 32,882కు దిగింది. అంటే పద్నాలుగేళ్లలో సగానికి పైగా తగ్గింది. ఇదే కాలంలో ఆ దేశంలో ఇల్లు లేనివారందరి సంఖ్య మాత్రం తగ్గలేదు. 2024 జనవరి నాటికి 7,71,480కి చేరి, దేశవ్యాప్తంగా ఈ లెక్కలు ప్రచురిస్తున్న నాటి నుంచి ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లింది. అవే నగరాలు, అవే అద్దెలు, అదే చలికాలం. ఒక వర్గం బయటపడుతుంటే మిగతావాళ్లు కూరుకుపోయారు. ఈ తేడా దానంతట అది వచ్చింది కాదు. మాజీ సైనికుల కోసం ప్రభుత్వం కొన్ని పనులు చేసింది, మిగతావారి కోసం అదే మోతాదులో చేయలేదు.

ఈ అంకెలను ఎలా రాబడతారో ముందే చెప్పుకోవాలి. ఏటా జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి ఊరూరా లెక్క తీస్తారు. వసతి గృహాల రిజిస్టర్లు చూస్తారు. కార్యకర్తలు టార్చిలైట్లు పట్టుకుని వంతెనల కింద, పార్కుల్లో, ఆగి ఉన్న కార్లలో వెతుకుతారు. ఆ రాత్రి చుట్టాలింట్లో సోఫా మీద సర్దుకున్నవాడు ఈ లెక్కలోకి రాడు. కాబట్టి అసలు కష్టం అంకె కంటే పెద్దదే. అయినా ఏటా ఒకే పద్ధతిలో తీసే లెక్క కనుక పెరుగుదల, తగ్గుదల తెలుసుకోవడానికి పనికొస్తుంది.

సైన్యంలో పనిచేసినవాడికి ఇల్లు లేకపోవడమేమిటని తెలుగు పాఠకుడికి అనుమానం రావచ్చు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో మాజీ సైనికుడంటే నెలనెలా పింఛను అందుకునే పెద్దమనిషి. భారత సైన్యంలో జవానుకు పదిహేనేళ్ల సర్వీసుకు పింఛను దక్కుతుంది. అమెరికాలో ఇరవై ఏళ్లు నిండితే గాని జీవితకాలపు పింఛను లేదు. అక్కడ సైన్యంలో చేరేవారిలో ఎక్కువమంది నాలుగైదేళ్లకే బయటికి వస్తారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో చేతిలో పింఛను లేకుండా, తుపాకీ పని తప్ప మరో పని సరిగా నేర్వకుండా, పుట్టిన ఊరితో తెగిపోయిన సంబంధాలతో తిరిగి వచ్చే కుర్రవాళ్లు అక్కడ ఎందరో. నాలుగేళ్ల సర్వీసు, పింఛను లేని విడుదల అన్న ఏర్పాటు 2022లో అగ్నిపథ్ పథకంతో భారతదేశానికీ వచ్చింది. అందువల్ల అమెరికా అనుభవం ఇప్పుడు మనకు మునుపటంత దూరపు సంగతి కాదు.

యుద్ధంలో చూసిన ఘోరాల వల్ల మనసు చెదిరి వీధిన పడ్డారన్నది ఈ విషయంలో అందరికీ తట్టే వివరణ. అందులో నిజం లేకపోలేదు, కానీ అది సగం నిజమే. 1990ల్లో జరిగిన పరిశీలనల్లో ఒక వింత బయటపడింది. ఇల్లు లేకుండా పోయే ప్రమాదం వియత్నాంలో పోరాడిన తరానికంటే, 1973లో నిర్బంధ సైనిక సేవ రద్దయ్యాక ఇష్టపూర్వకంగా చేరిన తరానికి ఎక్కువగా ఉంది. వీరిలో చాలామంది యుద్ధం ముఖమే చూడలేదు. చదువు అబ్బక, పని దొరకక, ఇంట్లో పొసగక సైన్యాన్ని ఆశ్రయించిన పేదింటి యువకులు వాళ్లు. చేరేటప్పుడు ఉన్న లేమి విడుదలయ్యాక మళ్లీ ఎదురైంది. అదే కాలంలో నగరాల్లో రోజువారీ అద్దెకిచ్చే చవక గదుల హోటళ్లు కూల్చివేతకు గురయ్యాయి, మానసిక చికిత్సాలయాలు మూతపడ్డాయి. తాగుడు, మత్తుమందు, యుద్ధం మిగిల్చిన మనోవ్యాధి, సైన్యంలోనే జరిగిన లైంగిక హింస ఇవన్నీ వాటికి తోడయ్యాయి.

ప్రభుత్వం బాధ్యత తలకెత్తుకోవడం అంతర్యుద్ధంతో మొదలైంది. 1865 మార్చి 3న, హత్యకు గురికావడానికి ఆరు వారాల ముందు, అధ్యక్షుడు లింకన్ వికలాంగ సైనికుల జాతీయ గృహం ఏర్పాటు చట్టంపై సంతకం చేశాడు. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని టోగస్‌లో మొదటి గృహం తెరుచుకుంది. తర్వాత దేశమంతటా శాఖలు వెలిశాయి. గదులు, భోజనశాల, ఆసుపత్రి, పొలం, శ్మశానం అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. దిక్కులేని సైనికుడు చివరిదాకా అక్కడే బతకవచ్చు. ఇరవయ్యో శతాబ్దంలో ఆసుపత్రుల ప్రాధాన్యం పెరిగి, ఆ నివాసపు ఏర్పాటు క్రమంగా వెనక్కి తగ్గింది.

మొదటి ప్రపంచయుద్ధపు సైనికుల కథ వేరు. 1924లో వారికి బోనసు మంజూరైంది గాని, 1945లో చెల్లిస్తామన్నారు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయి, ఇళ్లు పోయి, 1932 వేసవిలో వేల మంది కుటుంబాలతో సహా వాషింగ్టన్ చేరి, ఆ డబ్బు ఇప్పుడే ఇమ్మని అనకోస్టియా నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. జూలై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వంలో గుర్రపు దళం, టాంకులు, బాష్పవాయువు వారి మీదికి వెళ్లాయి. గుడిసెలు తగలబడ్డాయి. ఇల్లు లేని మాజీ సైనికుల మీద అదే దేశపు సైన్యం దండెత్తిన ఆ దృశ్యం అమెరికా రాజకీయాలను చాలాకాలం వెంటాడింది. 1936లో బోనసు చెల్లించారు. రెండో ప్రపంచయుద్ధం ముగియకముందే, 1944 జూన్ 22న, జీఐ బిల్లు చట్టమైంది. చదువుకు డబ్బు, ఇంటి అప్పుకు ప్రభుత్వ హామీ, నిరుద్యోగ భృతి అందులో ఉన్నాయి. లక్షల మంది ఇళ్లు కొనుక్కున్నారు. నల్లజాతి సైనికులకు మాత్రం కాగితం మీద హక్కు ఉన్నా, బ్యాంకులు అప్పులివ్వలేదు, తెల్లవారి పేటల్లో ఇళ్లు అమ్మలేదు. నేటికీ ఇల్లు లేని మాజీ సైనికుల్లో నల్లజాతివారి వాటా వారి జనాభా వాటా కంటే చాలా ఎక్కువగా ఉండటానికి కారణాలు వెతికేవారు ఈ చరిత్రను దాటిపోలేరు.

1980ల్లో వీధుల్లో పడుకునేవారి సంఖ్య కంటికి ఆనేంతగా పెరిగింది. 1987లో వచ్చిన మెకిన్నీ చట్టం ఈ సమస్యపై కేంద్ర ప్రభుత్వం స్పందించిన మొదటి పెద్ద చట్టం. మాజీ సైనికులకు ఉద్యోగాలు చూపే కార్మికశాఖ పథకం అందులోంచే పుట్టింది. అదే ఏడాది మాజీ సైనికుల శాఖ తన ఆసుపత్రుల సిబ్బందిని వీధుల్లోకి పంపడం ప్రారంభించింది. 1988లో శాన్ డియేగోలో వియత్నాం సైనికుల సంఘమొకటి మూడు రోజుల శిబిరం నడిపింది. పడక, వైద్యం, క్షవరం, న్యాయసలహా అన్నీ ఒకేచోట అందించిన ఆ నమూనా దేశమంతా పాకి, నేటికీ నడుస్తోంది. 1992లో రెండు ముఖ్యమైన పథకాలు వచ్చాయి. ఒకటి, స్వచ్ఛంద సంస్థలకు తలకు, రోజుకు ఇంతని చెల్లించి రెండేళ్ల వరకు తాత్కాలిక వసతి ఇప్పించే ఏర్పాటు. రెండోది ఆనాటికి చిన్న ప్రయోగం, ఇప్పుడు మొత్తం వ్యవస్థకు వెన్నెముక. అదే హడ్-వాష్.

అమెరికా ప్రభుత్వ పథకాల పేర్లు చదివేవారి ఓపికను పరీక్షించే పొడి అక్షరాలు. ఈ పేరు వెనక ఉన్న ఆలోచన మాత్రం తేలికైనదే. పట్టణాభివృద్ధి, గృహనిర్మాణ శాఖ (హడ్) అద్దె చెల్లిస్తుంది. మాజీ సైనికుల శాఖ మనిషిని ఇస్తుంది. వీధిలో ఉన్న మాజీ సైనికుణ్ని ఆసుపత్రి సిబ్బంది గుర్తించి, స్థానిక గృహనిర్మాణ సంస్థకు పంపుతారు. ఆ సంస్థ అద్దె వోచరు ఇస్తుంది. అతను బజారులో తనకు నచ్చిన ఇల్లు వెతుక్కోవచ్చు. వెతకడానికి కనీసం 120 రోజుల గడువు ఉంటుంది. ఇల్లు తనిఖీలో నెగ్గితే యజమానితో ఒప్పందం కుదురుతుంది. అద్దెకుండేవాడు తన ఆదాయంలో సుమారు 30 శాతం కడతాడు. మిగతాది గృహనిర్మాణ సంస్థ నేరుగా యజమానికి చెల్లిస్తుంది. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. మాజీ సైనికుల శాఖకు చెందిన కేస్ మేనేజరు, ఎక్కువగా సోషల్ వర్కు చదివినవారు, ఇంటికి వచ్చి పోతుంటారు. మందులు వేసుకుంటున్నాడా, కరెంటు బిల్లు కట్టాడా, పక్కింటివారితో గొడవ పడ్డాడా, వైకల్య భృతికి దరఖాస్తు పెట్టాడా అని చూసుకుంటారు. ఇల్లు దొరికిన మొదటి నెలల్లో చాలామంది మంచం మీద కాక నేల మీదే పడుకుంటారనీ, తలుపు గడియ వేసుకోవడానికి జంకుతారనీ ఈ పనిలో ఉన్నవారు చెబుతారు. ఏళ్ల తరబడి వీధిలో బతికినవాడికి ఇంట్లో బతకడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

అద్దె, మనిషి రెండూ కలిస్తేనే ఫలితం ఉంటుందన్నది ఊహ కాదు, పరీక్షించి తేల్చిన విషయం. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ డియేగో, న్యూ ఆర్లీన్స్, క్లీవ్‌లాండ్ నగరాల్లో 460 మంది మాజీ సైనికులను లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వోచరూ, కేస్ మేనేజరూ ఇచ్చారు. రెండో గుంపుకు కేస్ మేనేజరు ఒక్కరే. మూడో గుంపుకు మామూలుగా అందే సేవలు. మూడేళ్ల తర్వాత, మొదటి గుంపు ఇంట్లో గడిపిన రోజులు రెండో గుంపు కంటే 16 శాతం, మూడో గుంపు కంటే 25 శాతం ఎక్కువ. మానసిక ఆరోగ్యంలోనూ, మత్తుమందుల వాడకంలోనూ అంత చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో ఫలితాన్ని పథకాన్ని వ్యతిరేకించేవారు గుర్తుచేస్తుంటారు. కానీ ఇల్లు ఇచ్చింది వ్యాధి కుదర్చడానికి కాదు, ఇల్లు లేకపోవడాన్ని కుదర్చడానికి. ఆ కొలతతో చూస్తే పథకం పనిచేసింది.

ఈ ఫలితాలు 2003లో అచ్చయినా డబ్బు రావడానికి మరో అయిదేళ్లు పట్టింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు సాగుతుండగా 2008లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 7.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు పది వేల వోచర్లు వచ్చాయి. అప్పటి నుంచి ఏటా కొత్తవి చేరుతూ లక్ష దాటాయి. 2009 నవంబరులో మాజీ సైనికుల శాఖ కార్యదర్శి ఎరిక్ షిన్సెకి, వియత్నాంలో పాదంలో కొంత భాగం పోగొట్టుకున్న మాజీ జనరల్, అయిదేళ్లలో ఈ సమస్యను పూర్తిగా తొలగిస్తామని ప్రకటించాడు. ఆ గడువులోగా అది జరగలేదు. కానీ ప్రకటన ఉత్త మాటగా మిగలలేదు. గడువు ఉండటంతో శాఖలు కదిలాయి.

వీధిన పడ్డాక ఎత్తుకోవడం కంటే పడకుండా ఆపడం చవక. 2008 చట్టం ఆధారంగా 2011 చివర్లో మొదలైన ఎస్‌ఎస్‌వీఎఫ్ పథకం లక్ష్యం అదే. ఇది మాజీ సైనికుడి చేతికి డబ్బివ్వదు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. ఆ సంస్థలు బకాయిపడ్డ అద్దె, కరెంటు బిల్లు, కొత్త ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు ఖర్చు, పనికి వెళ్లడానికి అవసరమైన కారు మరమ్మతు లాంటివి చెల్లిస్తాయి. తొలి ఏడాది ఆరు కోట్ల డాలర్లతో మొదలై, 2014కల్లా 30 కోట్ల డాలర్లకు చేరింది. హడ్-వాష్ దీర్ఘకాలం తోడు అవసరమైనవారికి. ఎస్‌ఎస్‌వీఎఫ్ రెండు మూడు నెలలు ఆసరా దొరికితే నిలదొక్కుకోగలవారికి. ఈ రెండింటిలో ఎవరికి ఏది అవసరమో తొలి సంభాషణలోనే సరిగా పసిగట్టడం మీద చాలా ఆధారపడి ఉంటుంది. తేలిక కేసుకు వోచరు ఇస్తే అది వృథా, కష్టమైన కేసుకు మూడు నెలల అద్దె ఇస్తే నాలుగో నెల అతను మళ్లీ వీధిలోనే.

డబ్బుతో పాటు పద్ధతి కూడా మారింది. పాత పద్ధతిలో మనిషి మెట్లెక్కాలి. ముందు తాగుడు మానాలి, తర్వాత తాత్కాలిక వసతిలో క్రమశిక్షణ చూపాలి, అప్పుడే ఇల్లు. మధ్యలో జారిపడితే మళ్లీ మొదటికి. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని తలకిందులు చేశాడు. ముందు ఇల్లు, తర్వాత అతను ఒప్పుకున్నంత వైద్యం. హౌసింగ్ ఫస్ట్ అనే ఈ పద్ధతిని మాజీ సైనికుల శాఖ 2012లో తన విధానంగా స్వీకరించింది.

2014 జూన్‌లో అప్పటి అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా, తమ నగరాల్లో ఇల్లు లేని మాజీ సైనికుల సమస్యకు తెరదించాలని దేశంలోని మేయర్లకు సవాలు విసిరింది. 2015 జనవరిలో న్యూ ఆర్లీన్స్ మేయర్ మిచ్ లాండ్రూ తన నగరంలో ఇల్లు లేని మాజీ సైనికుడు ఇక లేడని ప్రకటించాడు. పెద్ద నగరాల్లో ఆ మాట మొదట చెప్పింది న్యూ ఆర్లీన్సే. జూన్‌లో హ్యూస్టన్, నవంబరులో రాష్ట్రాల్లో మొదటిదిగా వర్జీనియా అదే మాట అన్నాయి. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఒక్కరు కూడా వీధిలో లేరని దీని అర్థం కాదు. కొత్తగా వీధిన పడే ప్రతి మాజీ సైనికుడికీ త్వరగా ఇల్లు చూపగల ఏర్పాటు ఉందని అర్థం. ఈ నగరాలు చేసిన ముఖ్యమైన పని పేర్ల జాబితా. ఎంతమంది అన్న అంకె కాకుండా, ఎవరు, ఎక్కడ, ఏ జబ్బుతో, ఏ కాగితం లేక ఆగిపోయారు అని రాసిన ఒకే జాబితా ముందు పెట్టుకుని, గృహనిర్మాణ సంస్థ, ఆసుపత్రి, స్వచ్ఛంద సంస్థల మనుషులు వారం వారం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అంతకుముందు ఒకే మనిషి మూడు కార్యాలయాల్లో మూడు ఫైళ్లుగా ఉండేవాడు. హ్యూస్టన్ విజయానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఇళ్లు విరివిగా కడతారు, అద్దెలు కాలిఫోర్నియా కంటే తక్కువ.

పథకాల చివరి అంచుల్లో మిగిలిపోయేవారి సంగతి మరో కథ. మొదటి అడ్డు డిశ్చార్జి కాగితం. అమెరికాలో గౌరవప్రదం నుంచి అవమానకరం వరకు విడుదలకు అయిదు మెట్లున్నాయి. మధ్య మెట్టు మీద పడినవారికి చాలా సౌకర్యాలు అందవు. చిన్న చిన్న క్రమశిక్షణ తప్పులకు, కోర్టు విచారణ కూడా లేకుండా, ఆ ముద్ర వేసి పంపేయవచ్చు. ఆ తప్పులు చేయించినది యుద్ధం మిగిల్చిన మనోవ్యాధే అయిన సందర్భాలు ఎన్నో. స్వలింగ సంపర్కులన్న ఒక్క కారణంతో అలా పంపించబడినవారూ ఉన్నారు. అంటే సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వారే కాగితం ప్రకారం అనర్హులు. 2016 చివరి చట్టంతో తాత్కాలిక వసతి, ఎస్‌ఎస్‌వీఎఫ్ పథకాలకు, 2021 జనవరి చట్టంతో హడ్-వాష్‌కు ఈ తలుపు కొంత తెరుచుకుంది. సైనిక కోర్టు శిక్షతో అవమానకరంగా విడుదలైనవారికి మాత్రం మూసే ఉంది.

రెండో అడ్డు వింటే నవ్వొచ్చేది, అనుభవించేవారికి కాదు. పూర్తి వైకల్యం ఉన్న ఒంటరి మాజీ సైనికుడికి 2024లో నెలకు 3,700 డాలర్లకు పైగా భృతి వచ్చేది. ఆ భృతిని ఆదాయంగా లెక్కిస్తే, పేదలకు కేటాయించిన ఇళ్ల ఆదాయ పరిమితి దాటిపోయేవాడు. దేశం కోసం ఒళ్లు పూర్తిగా పాడుచేసుకున్నవాడు, ఆ కారణం వల్లే, ఇంటికి తగినంత పేదవాడు కాకుండా పోయాడు. లాస్ ఏంజెలెస్‌లో మాజీ సైనికుల కోసమే కట్టిన ఇళ్లలో ఇలా చేరలేకపోయినవారున్నారు. 2024 ఆగస్టులో హడ్ శాఖ హడ్-వాష్ అర్హత లెక్కలోంచి వైకల్య భృతిని తీసేసింది.

మూడోది ఇంటి యజమాని. వోచరు చేతిలో ఉన్నా ఇల్లు ఇచ్చేవాడు లేకపోతే అది కాగితం ముక్క. ప్రతి ఏడాదీ వేల వోచర్లు వాడకానికి రాకుండా మిగులుతున్నాయి. అద్దెలు ప్రభుత్వం ఒప్పుకున్న పరిమితిని దాటడం, కేస్ మేనేజరు ఉద్యోగాలు భర్తీ కాకపోవడం, యజమానుల విముఖత ఇందుకు కారణాలు. కాలిఫోర్నియా 2020 నుంచి వోచరు ఉందన్న కారణంతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. టెక్సాస్ ఎదురు దారి పట్టి, నగరాలు అలాంటి నిషేధాలు పెట్టకుండా 2015లో చట్టం చేసింది. అయితే ఆ చట్టంలోనే మాజీ సైనికులకు మినహాయింపు ఉంచింది. మామూలు పేదవాడి వోచరును తిరస్కరించడం యజమాని స్వేచ్ఛ, సైనికుడి వోచరు విషయంలో నగరం అడ్డుపడవచ్చు. ఎవరి పేదరికానికి సానుభూతి దొరుకుతుందో అమెరికా రాజకీయం ఇంత సూటిగా చెప్పుకున్న చట్టం మరొకటి అరుదు.

ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపించేది పశ్చిమ లాస్ ఏంజెలెస్‌లోని మాజీ సైనికుల శాఖ ఆవరణలో. 1888లో సెనేటర్ జాన్ జోన్స్, ఆర్కేడియా బండీనీ డి బేకర్ వికలాంగ సైనికుల గృహం కోసం అక్కడి భూమిని దానం చేశారు. ఒకప్పుడు వేల మంది అక్కడ నివసించేవారు. 1971 ఫిబ్రవరిలో భూకంపం వచ్చి, సిల్మార్‌లోని శాఖ ఆసుపత్రి కూలి పలువురు చనిపోయాక, పాత భవనాలు సురక్షితం కావన్న భయంతో నివాసాలు మూతపడుతూ వచ్చాయి. చుట్టుపక్కల ప్రాంతం దేశంలోని ఖరీదైన పేటల్లో ఒకటైంది. 388 ఎకరాల ఆవరణలో విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ మైదానం, ఒక ప్రైవేటు పాఠశాల ఆటస్థలాలు, వాహనాల పార్కింగు, చమురు బావి వెలిశాయి. ప్రహరీ బయట శాన్ విసెంటె రోడ్డు వెంట మాజీ సైనికులు డేరాలు వేసుకున్నారు. 2021 నవంబరులో అవి తొలగించేదాకా ఆ రెండు దృశ్యాల మధ్య ఒక్క కంచె మాత్రమే అడ్డు.

2011లో కొందరు మాజీ సైనికులు దావా వేశారు. 2015 జనవరిలో రాజీ కుదిరింది. శాఖ 1,200 ఇళ్లు కట్టే ప్రణాళికకు ఒప్పుకుంది. పని నత్తనడక నడిచింది. భూమి లీజుకు వేరే చట్టం, కట్టే డెవలపర్లకు పన్ను రాయితీల నిధులు, ఆ నిధులకు ఆదాయ నిబంధనలు, పాత భవనాలకు వారసత్వ నియమాలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. 2022 నవంబరులో మళ్లీ దావా పడింది. 2024 సెప్టెంబరులో న్యాయమూర్తి డేవిడ్ కార్టర్, వియత్నాంలో గాయపడ్డ మెరైన్, తీర్పు చెప్పాడు. ఆ తీర్పు పద్దెనిమిది నెలల్లో 750 తాత్కాలిక వసతులు ఏర్పాటు చేయాలనీ, ప్రణాళికలోని ఇళ్లకు అదనంగా 1,800 శాశ్వత ఇళ్లు కట్టాలనీ ఆదేశించింది, ఇతరులకిచ్చిన లీజుల్లో కొన్ని చెల్లవని తేల్చింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

2025 మే 9న అధ్యక్షుడు ట్రంప్ అదే ఆవరణలో జాతీయ కేంద్రం ఒకటి నెలకొల్పి, 2028 జనవరి 1 నాటికి 6,000 మంది మాజీ సైనికులకు వసతి కల్పించగల స్థితికి తేవాలని ఉత్తర్వు జారీచేశాడు. జూలై 24న వచ్చిన మరో ఉత్తర్వు, ఇల్లు లేనివారి విషయంలో కేంద్ర శాఖలు హౌసింగ్ ఫస్ట్ విధానానికి మద్దతు మానుకుని, చికిత్సకు ఒప్పుకోవడాన్ని షరతుగా పెట్టే దిశగా నడవాలని చెప్పింది. మొదటి ఉత్తర్వు ఇళ్ల సంఖ్య పెంచమంటుంది, రెండోది ఆ ఇళ్లలోకి వెళ్లే దారిలో పాత మెట్లను తిరిగి కడుతుంది. వోచర్ల పునరుద్ధరణకు, కేస్ మేనేజర్ల జీతాలకు డబ్బు మాత్రం ఈ ఉత్తర్వుల నుంచి రాదు. అది ప్రతి ఏటా కాంగ్రెస్ ఆమోదించే బడ్జెట్‌లోంచే, హడ్ పద్దు కింద ఒక భాగం, మాజీ సైనికుల శాఖ పద్దు కింద మరో భాగం రావాలి.